పళ్ళెం కింది ఎముక

కుట్టు కొట్టు వెనక గది,
మార్చి 4

ఒరేయ్ మూగన్నా,

ఫోన్ చేస్తే నీ ఊపిరి తప్ప ఇంకేమీ వినపడదు. ఊపిరి వినడానికి నేనేమైనా డాక్టర్నా? అందుకే ఉత్తరం. ఉత్తరమైతే కనీసం నాలుగు ముక్కలు రాస్తావు, అవి కూడా తూచి తూచి.

సంగతేమిటంటే, నా ఎడమ మోకాలు ఇక మిషను తొక్కనంటోంది. నలభై ఏళ్ళు తొక్కింది, పాపం దాన్నీ అనడానికి లేదు. మెట్లు దిగాలంటే చంటిపిల్లలా ఒక్కో మెట్టు మీద కూర్చుని దిగుతున్నాను. చూసినవాళ్ళు నవ్వుతున్నారు. నవ్వనీ. నిన్న అమ్మాయి ఆఫీసుకు సెలవు పెట్టి నన్ను ఎముకల డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. కుర్రాడు, మీసం కూడా సరిగ్గా మొలవలేదు. ఫొటో చూసి, "అమ్మా, ఈ మోకాలికి దెబ్బ ఎప్పుడు తగిలింది?" అన్నాడు. "నువ్వు పుట్టకముందు నాయనా" అన్నాను.

మోకాలు మార్చాలట. బల్ల మీద రెండు రకాలు పెట్టి చూపించాడు. ఒకటి మందంగా, అద్దంలా మెరుస్తూ, కింద ఇంత పొడుగు కాడతో ఉంది. చేతిలో పెడితే ఇస్త్రీపెట్టెలా బరువు. రెండోది పల్చగా, బూడిద రంగులో, పొట్టి కాడతో, పిల్లల ఆటవస్తువులా ఉంది. ఆయన మనసు రెండోదాని మీదే ఉంది. కాగితం మీద ఏదో బొమ్మ గీసి అరగంట చెప్పాడు, నా బుర్రకెక్కలేదు. మెరిసేదాన్ని తిరగేస్తే మీ కంపెనీ గుర్తు కనపడింది. "ఇది మా తమ్ముడు చేసేదండీ!" అని నేను అరిచిన అరుపుకు బయట కూర్చున్న రోగులంతా లోపలికి తొంగిచూశారు.

ఇక అడుగుతున్నాను. అది మీ షెడ్డులోదేనా? గట్టిదేనా? నా బరువుకి ఇరగదు కదా?

నీ పురాణం వద్దు. అడిగిన దానికే జవాబు రాయి.

అక్క


బ్యాటరీల కొట్టు పై గది,
మార్చి 11

అక్కకు,

ఉత్తరం శనివారం అందింది. నువ్వు అడిగినవి మూడు.

అది మా షెడ్డులోదే. దాన్ని మేం పళ్ళెం అంటాం. మోకాలి కింది ఎముక తలను అడ్డంగా కోసి, చదునుచేసి, దాని మీద పళ్ళెం కూర్చోబెట్టి, కాడను ఎముక లోపలికి దింపుతారు. పళ్ళెం కింది ముఖం గరుకుగా ఉండాలి. పై ముఖం అద్దంలా ఉండాలి. పై ముఖానికి మెరుగు పెట్టేది నేను. పదహారేళ్ళుగా నా పని అదే.

గట్టిదే. మా దగ్గర ఒక యంత్రం ఉంది. అది పళ్ళెం మీద మనిషి బరువుకు మూడింతలు వేసి కోటిసార్లు నొక్కుతుంది. ఒక్కో పళ్ళేనికి మూడు నెలలు పడుతుంది. ఆ యంత్రం కింద వంగినదాన్ని గాని, విరిగినదాన్ని గాని నేను ఇంతవరకు చూడలేదు.

నీ బరువుకు విరగదు.

ఇక్కడ అంతా మామూలే.

తమ్ముడు


కుట్టు కొట్టు,
ఏప్రిల్ 20

తమ్ముడూ,

ఈ నెల ఎనిమిదో తారీఖుకు ఆపరేషన్ అన్నారు. షుగరు ఎక్కువుందని ఒకసారి వాయిదా పడింది. రెండోసారి నేనే వాయిదా వేయించాను. బడిపిల్లల యూనిఫారాలు డెబ్భై జతలు చేతిలో ఉన్నాయని చెప్పాను. "ఏంటమ్మా, కాలి కంటే లాగులు ముఖ్యమా?" అన్నాడు డాక్టరు. "కాలు నా ఒక్కదానిది నాయనా, లాగులు డెబ్భై మందివి" అన్నాను. అమ్మాయి నెత్తి కొట్టుకుంది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గట్టిదని రాశావు. సంతోషం. ఆ ఉత్తరం డాక్టరుకు కూడా చూపించాను. ఆయన చదివి మడిచి ఇచ్చేసి, "మీ తమ్ముడుగారు లోహం సంగతి రాశారు. నేను ఎముక సంగతి చెబుతున్నాను. రెండూ వాడుకలో ఉన్నవే, నిర్ణయం మీది" అన్నాడు. నాకేమో నీ చేతి మెరుగు ఉన్నదే వేయించుకోవాలని ఉంది. బయటివాడు పెట్టిన పరమాన్నం కంటే ఇంటివాడు పోసిన గంజి నయం కదా.

మే ఆరున ఖాయం చేశారు. ఇంకా పదహారు రోజులుంది. నీకు ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా? ఉంటే రాయి. పురాణమైనా ఫరవాలేదు.

అక్క


బ్యాటరీల కొట్టు పై గది,
ఏప్రిల్ 27

అక్కకు,

ఉత్తరం అందింది. నువ్వు అడిగిన వాటికి ముందే జవాబు రాశాను. ఇంకేమీ చెప్పాల్సింది లేదు.

షుగరు చూసుకో.

తమ్ముడు


ఆసుపత్రి, మూడో అంతస్తు,
కిటికీ పక్క మంచం,
మే 12

తమ్ముడూ,

అయిపోయింది. నీదే వేయించుకున్నాను.

మొదటి రెండు రోజులూ ఏడుపే. పక్క మంచం మీదావిడ కూడా మోకాలు మార్పించుకుంది. నేను మూలిగితే ఆవిడ మూలుగుతుంది, నేను ఆపితే ఆపుతుంది. జంట గాయనుల్లా ఉన్నామని నర్సులు ఏడిపిస్తున్నారు. నడక నేర్పడానికి ఒక పిల్ల వస్తుంది. చెయ్యి మెత్తన, నోరు గట్టిది. "అమ్మమ్మా, మంచానికి ముద్దులు చాలు, లే" అని లేవదీసింది. చక్రాల చట్రం పట్టుకుని మంచం దగ్గర్నుంచి తలుపు దాకా నడిచాను. లెక్కపెట్టాను. తొమ్మిది అడుగులు. తొమ్మిది అడుగులు వేశానురా, ఎవరూ ముఖం పక్కకు తిప్పుకోలేదు.

కాలు తిన్నగా ఉంది. దుప్పటి తీసి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకుంటున్నాను.

లోపల పెట్టిన వస్తువు తాలూకు నంబరు చీటీ ఒకటి ఫైలులో అంటించారు. రెండోది అడిగి తీసుకుని నీకు పంపుతున్నాను. నీ రోజువారీ పుస్తకంలో వెతుకు. నువ్వు మెరుగు పెట్టినదో కాదో తేలుతుంది.

వస్తావేమోనని అమ్మాయి తలుపు వైపు చూస్తోంది. నేను చూడ్డం లేదులే.

అక్క


బ్యాటరీల కొట్టు పై గది,
జూన్ 3

అక్కకు,

చీటీ అందింది. పుస్తకంలో చూశాను. జనవరి 19 నాటిది. ఆ రోజు రాసుకున్నది ఇది: "పళ్ళాలు పద్నాలుగు. ఒకదాని అంచున సన్నని గీత. మళ్ళీ పట్టాను. పోయింది." పక్కనే దాని నంబరూ ఉంది, చివరి అంకె నాలుగు. గీత పడినది అదే. నీకు పెట్టినదీ అదే.

గీత పూర్తిగా పోయింది. భూతద్దం కింద చూసిన తరవాతే పంపాను.

సెలవు దొరకలేదు.

డిసెంబరులో కాలిని ఎదురుగా నిలబెట్టి ఒక ఎక్స్‌రే తీయించు. ఫిల్ము నాకు పంపు.

తమ్ముడు


కుట్టు కొట్టు,
డిసెంబరు 15

ఒరేయ్ తమ్ముడూ,

నిన్న బట్టల కొట్టు ముందు నుంచి మూడుసార్లు నడిచాను. అటొకసారి, ఇటొకసారి, మళ్ళీ అటొకసారి. కొనడానికి కాదు. ఆ కొట్టుకు నిలువెత్తు అద్దాలున్నాయి. కొట్టువాడు బయటికొచ్చి, "ఏం కావాలమ్మా?" అన్నాడు. "ఏమీ వద్దు నాయనా, నన్ను నేను చూసుకుంటున్నా" అన్నాను. పిచ్చిది అనుకున్నాడు. నలభై అయిదేళ్ళ తరవాత కుంటకుండా నడిచిన మనిషి పిచ్చిది కాక మరేమవుతుంది?

మిషను తొక్కుతున్నాను. మెట్లు నిలబడే దిగుతున్నాను. వీధి చివరి పూలావిడ, "అక్కా, నీ నడక మారిపోయింది, వెనక నుంచి గుర్తుపట్టలేదు" అంది. ఆవిడ దగ్గర అవసరం లేకపోయినా రెండు మూరలు కొన్నాను.

నువ్వడిగిన ఫిల్ము పంపుతున్నాను. డాక్టరు దాన్ని దీపానికి ఎత్తి చూసి "ఊఁ" అన్నాడు. ఏమిటి బాబూ అంటే, "చూద్దామమ్మా, ఇంకో ఆరు నెలలకు మళ్ళీ తీద్దాం" అన్నాడు. నీకూ ఆయనకూ బాగా కుదురుతుంది. ఇద్దరికీ "ఊఁ" అంటే పూర్తి వాక్యమే.

అది సరే, నీకెందుకురా ఈ ఫొటోలు? అక్క మొహం చూడ్డానికి తీరిక లేదు గాని, అక్క ఎముక చూస్తావా?

అక్క


బ్యాటరీల కొట్టు పై గది,
జనవరి 4

అక్కకు,

ఫిల్ము అందింది. ఎందుకని అడిగావు. కొలవడానికి. నాకు కొలవడం అలవాటు.

వచ్చే ఆగస్టులో ఇంకొకటి పంపు.

తమ్ముడు


కుట్టు కొట్టు వెనక గది,
ఆగస్టు 22

తమ్ముడికి,

నెల రోజులుగా మోకాలి లోపలివైపు కింద పోటు. మొదట్లో అడుగు వేసినప్పుడే. ఇప్పుడు నిలబడితే చాలు. కాలు మళ్ళీ విల్లులా వంగుతోంది. నిన్న బట్టల కొట్టు దారి మానేసి వెనక సందులోంచి వచ్చాను.

డాక్టరు ఫిల్మును దీపానికి పెట్టి వేలితో చూపించాడు. పళ్ళెం తెల్లగా, నున్నగా ఉంది. నీ మెరుగుకేం, దివ్యంగా ఉంది. దాని లోపలి అంచు కింద మాత్రం ఎముక ఉండాల్సిన చోట నల్లగా ఉంది. పైన రంగు బాగానే ఉండి లోపల చెద తిన్న గడపలా. పళ్ళెం ఆ వైపుకు ఒరుగుతోందట. తీసేసి మళ్ళీ పెట్టాలట. "ఎముక తక్కువ మిగిలింది, ఈసారి కష్టం" అన్నాడు. తలుపు దాకా వచ్చి నెమ్మదిగా, "ఆ రకం తయారీ ఆపేశారమ్మా. మీ తమ్ముడుగారు అక్కడే చేస్తారన్నారు కదా" అన్నాడు. అమ్మాయి నా మొహం చూసింది. నేను చెప్పులు వెతుక్కున్నాను.

ఫిల్ము పంపుతున్నాను. కొలుచుకో.

ఒక్కటే అడుగుతున్నాను. నీకు ముందే తెలుసా?

అడిగిన దానికే జవాబు రాయి.

అక్క


బ్యాటరీల కొట్టు పై గది,
సెప్టెంబరు 1

అక్కకు,

తెలుసు.

అడిగిన దానికి జవాబు అయిపోయింది. ఎప్పుడూ ఇక్కడే ఆపుతాను. ఈసారి ఆపడం లేదు.

నువ్వు ఆపరేషన్ చేయించుకోవడానికి ఏడాదిన్నర ముందు నుంచి కొన్ని పళ్ళాలు షెడ్డుకు తిరిగి రావడం మొదలైంది. మనుషుల కాళ్ళలోంచి తీసినవి. ఆసుపత్రివాళ్ళు శుభ్రంచేసి, డబ్బాలో పెట్టి, ఒక కాగితం జతచేసి పంపుతారు. వాటిని కడిగి కొలిచే పని నాకు ఇచ్చారు. నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికి నలభై ఒకటి వచ్చాయి. అన్నీ నా పుస్తకంలో ఉన్నాయి. ఒక్కదానిలో కూడా వెంట్రుకవాసి వంపు లేదు. లోహం చెక్కుచెదరలేదు. దాని కింద ఎముకే లేకుండా పోయింది. కాగితాలు నాకు రాని భాషలో ఉండేవి. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఒక్కో కాగితానికి రెండు మూడు రోజులు పట్టింది.

ఎముక ప్రాణమున్న వస్తువు. దాని మీద బరువు పడుతుంటే గట్టిపడుతుంది. పడకపోతే తన పని అయిపోయిందనుకుని పల్చబడుతుంది. మా పళ్ళెం మందం, లోహం బిర్రు, కాడ పొడుగు. మనిషి నిలబడితే బరువంతా కాడ గుండా కిందికి దిగిపోతుంది. పళ్ళెం లోపలి అంచు కింద ఎముకకు ఏమీ అందదు. అందరికీ ఇలా కాదు. కొందరికి కొంత పల్చబడి ఆగిపోతుంది. ముందు నుంచీ కాలు వంగి ఉండి, ఆపరేషన్‌తో తిన్నగా అయినవాళ్ళకు ఎక్కువ. నీ కాలు అలాంటిదని నాకు తెలుసు.

పళ్ళెం మందం నాకు తెలుసు కాబట్టి ఫిల్ము మీద దాన్నే కొలబద్దగా పెట్టుకున్నాను. డిసెంబరులో పోయిన ఎముక లోతు రెండున్నర మిల్లీమీటర్లు. ఆగస్టులో ఏడు.

నా ఉత్తరాలు తీసి మళ్ళీ చదువు. మార్చి 11 నాటి దానిలో ఒక్క అబద్ధం లేదు. అబద్ధం ఒక్కటే రాశాను. ఏప్రిల్ 27. చెప్పాల్సింది ఏమీ లేదని.

ఎందుకని అడుగుతావు. నాకు తొమ్మిదేళ్ళు. జ్వరంతో ఉన్న నన్ను చంకనెత్తుకుని తడిమెట్లు దిగుతూ నువ్వు పడ్డావు. నీ మోకాలు పోయింది, నాకు దెబ్బ తగల్లేదు. ఆ మరుసటి ఏడు నిన్ను చూడ్డానికి పెళ్ళివారు వచ్చారు. కుంటు కనపడకూడదని వాళ్ళు రాకముందే నిన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. పెద్దాయన నన్ను దగ్గరికి తీసుకుని, "ఏ తరగతి బాబూ?" అన్నాడు. అయిదు అన్నాను. అక్కడ ఆగలేదు. నువ్వు లేచి దణ్ణం పెట్టలేదని వాళ్ళు తప్పుగా అనుకుంటారేమోనని భయమేసి, "మా అక్కకు కాలు నొప్పి, కుంటుతుంది, అందుకే లేవట్లేదు" అన్నాను. ఆయన నిన్ను లేచి తలుపు దాకా నడవమన్నాడు. తొమ్మిది అడుగులు. నేనూ లెక్కపెట్టాను.

వాళ్ళు వెళ్ళాక నువ్వు నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. "ఇక మీదట అడిగిన దానికే జవాబు చెప్పు" అన్నావు. నెల తిరక్కుండా నాన్నకు చెప్పి బడి మాన్పించి లేతు షెడ్డులో పెట్టించావు. మేస్త్రీతో నువ్వన్న మాట నా ఎదురుగానే అన్నావు. "వీడికి నోరెక్కువ. మిషన్ల చప్పుడులో ఉంటే ఎవరికీ వినపడదు."

నలభై అయిదేళ్ళు నువ్వు నేర్పినట్టే నడుచుకున్నాను.

తమ్ముడు


కుట్టు కొట్టు వెనక గది,
సెప్టెంబరు 14

తమ్ముడికి,

నీకు ఇంత రాయడం వచ్చునని తెలియదు. అమ్మాయికి చూపించలేదు.

ఇప్పుడు నా సంగతి విను. డాక్టరు గీసిన బొమ్మ నా బుర్రకెక్కలేదని మొదటి ఉత్తరంలో రాశాను. నలభై ఏళ్ళుగా గుడ్డ మీద బొమ్మ గీసి కత్తిరించి మనుషుల ఒళ్ళకు సరిపెడుతున్నదాన్ని. బొమ్మ నాకెక్కకపోవడమేమిటిరా? అంత చిన్న అబద్ధం నీకు దొరకలేదు. ఆ రోజే ఆయన అంతా చెప్పాడు. మందం పళ్ళెం బరువును దాటించేస్తుందని, కింద ఎముక కరిగే ప్రమాదం నాలాంటి కాళ్ళకు ఎక్కువని, పల్చనిదే మేలని. వింటూ వింటూ నేను అనుకున్నది ఒక్కటే. వాడు అక్కడే పనిచేస్తున్నాడు. వాడికి తెలియకుండా ఉండదు. అడిగి చూద్దాం, చెబుతాడా?

మూడు ప్రశ్నలు అడిగాను. మూడింటికీ తూచినట్టు జవాబు వచ్చింది. సరే, మూడే అడిగాను కదా అనుకున్నాను. అందుకే ఏప్రిల్‌లో మళ్ళీ రాశాను. పురాణమైనా ఫరవాలేదన్నాను. నా జన్మలో నీకు ఆ మాట ఎప్పుడైనా అన్నానా? డెబ్భై జతల లాగులూ లేవు, ఏమీ లేవు. నీ ఉత్తరం కోసమే వాయిదా వేయించాను. "ఏమీ లేదు" అని వచ్చాక కూడా మే అయిదు సాయంత్రం దాకా పోస్టు వచ్చినప్పుడల్లా లేచి చూశాను.

మరి తెలిసీ ఎందుకు వేయించుకున్నావంటావు. ఒకందుకు, పంతం. రెండోది, నువ్వు ఎంతసేపు చూస్తూ కూర్చోగలవో చూడాలనిపించింది. పడిననాడు ఈ కాలు నీ కోసమే పోయింది. ఇంకోసారి పోతే ఏమైంది అనుకున్నాను. డిసెంబరులో ఫిల్ము పంపినప్పుడైనా రాస్తావనుకున్నాను. కొలుస్తానని రాశావు. ఆ అద్దాల ముందు నేను అటూ ఇటూ నడిచిన సంగతి చదువుతూ నువ్వు కొలిచావు.

బడి మాన్పించినందుకు నేను ఏడుస్తూ క్షమించమని రాస్తాననుకున్నావేమో. రాయను. ఆ తొమ్మిది అడుగులు వేసింది నేను. భార్య పోయిన నలభై రెండేళ్ళ ఆయన్ని చేసుకుని, రెండేళ్ళలో ఆయన్నీ పోగొట్టుకుని, కూతురితో ఈ కొట్టులో పడింది నేను. కసితోనే నిన్ను ఆ షెడ్డులో పెట్టించాను. దాచడం లేదు. నీ కసి కూడా నాకు అర్థమైంది. చెల్లుకు చెల్లు అనేసేదాన్నే.

కాని నీ ఉత్తరంలో ఒక్క అంకె నాకు మింగుడు పడడం లేదు. నలభై ఒకటి. నా మీద కసి సరే. వాళ్ళు నీకేం చేశారురా? అవి తిరిగి వస్తుంటే చూస్తూనే జనవరి 19న ఇంకో పద్నాలుగింటికి మెరుగు పెట్టావు. గీత పడితే మళ్ళీ పట్టావు. నాది ఒకటి పోతే, మిగతా పదమూడు ఎవరి కాళ్ళలో ఉన్నాయి? వాళ్ళు కూడా నిన్ను బడి మాన్పించారా? నాకు అర్థమైంది ఇదీ: నువ్వు పగబట్టిన మనిషివి కూడా కాదు. పగబట్టినవాడికి కనీసం ఎవరి మీద అన్నది ఉంటుంది. నువ్వు నోరు మూసుకోవడం మరిగిన మనిషివి. దానికి నా పేరు అడ్డం పెట్టుకున్నావు.

నవంబరు 20న మళ్ళీ ఆపరేషన్. డాక్టరు ఈసారి కూడా రెండు రకాలు చూపించాడు. ఏది వేయించుకోవాలో నిన్ను అడగను. ఇక మీదట నిన్ను ఏదీ అడగను.

అక్క


బ్యాటరీల కొట్టు పై గది,
నవంబరు 9

అక్కా,

నువ్వు అడగలేదు. అయినా రాస్తున్నాను. ఇది చదవగానే డాక్టరుకు చూపించు.

రెండోసారి ఆపరేషన్‌కు మా షెడ్డులో పొడుగు కాడ రకం ఒకటి తయారవుతోంది. కాడ జానెడు పైనే ఉంటుంది. మిగిలిన ఎముకను వదిలేసి బరువును ఇంకా కిందికి, కాలి నడిమికి దించేస్తుంది. పై ఎముక ఇప్పటికంటే గుల్లబారుతుంది. కాడ కొన దగ్గర పోటు మొదలవుతుంది. అవి కూడా తిరిగి వస్తున్నాయి, ఇప్పటికి ఆరు. మూడోసారి పెట్టడానికి నీ కాల్లో ఎముక ఉండదు. అప్పుడు మోకాలు వంగకుండా కర్రలా బిగించేయడమే. మిషను తొక్కలేవు. మెట్లు దిగలేవు.

అది వద్దు. వేరే కంపెనీవాళ్ళది గరాటులాంటిది ఒకటి ఉంది. ఒళ్ళంతా సన్నని రంధ్రాలతో ఉంటుంది. పోయిన ఎముక చోట దాన్ని కూర్చోబెడితే చుట్టూ ఉన్న ఎముక దానిలోకి అల్లుకుంటుంది, బరువు ఎముకకు అందుతుంది. దానికి పొట్టి కాడ చాలు. నీలాంటి కాలికి అదే సరి. డాక్టరు చూపించిన రెండింటిలో అది ఒకటి అయి ఉంటుంది. మెరవదు. చూడ్డానికి తుప్పు పట్టినట్టు ఉంటుంది. దాన్ని చూసి వద్దనకు.

నలభై ఒకటీ, ఆ తరవాత వచ్చినవీ, ఈ ఆరూ, నీదీ, అన్ని కొలతలూ కాగితాల మీద ఎక్కించి సోమవారం ఆఫీసులో ఇచ్చాను. మేనేజరు చదివి, "నిన్నెవరు అడిగారు?" అన్నాడు. ఎవరూ అడగలేదన్నాను. మంగళవారం నుంచి నన్ను పనిలోకి రావద్దన్నారు. రెండో ప్రతి మీ డాక్టరుకు పంపుతాను. ఆయన పూర్తి చిరునామా నా దగ్గర లేదు. నువ్వు రాస్తే వెంటనే పంపుతాను. ఆ పదమూడు నంబర్లు కూడా అందులో ఉన్నాయి.

నువ్వు రాసింది నిజం. పగ అని పేరు పెట్టుకున్నాను. నోరు తెరిస్తే ఎవరో ఒకరు లేచి నడవాల్సి వస్తుందని భయం. అది నీ వల్ల వచ్చినా, ఇన్నాళ్ళు ఉంచుకున్నది నేను.

పొడుగు కాడ వద్దు. ఇంకోసారి రాస్తున్నాను, వద్దు. నన్ను రమ్మంటే ఇవాళే బయలుదేరుతాను.

తమ్ముడు


ఆసుపత్రి, మూడో అంతస్తు,
తలుపు పక్క మంచం,
నవంబరు 24

తమ్ముడికి,

నీ ఉత్తరం పదమూడునే అందింది. విప్పకుండానే తిప్పి పంపుతున్నాను. నేనేమీ అడగలేదు.

ఆపరేషన్ అయింది. రెండింటిలో నేనే ఎంచుకున్నాను. పొడుగు కాడ, మీ షెడ్డుదే. అద్దంలా మెరుస్తోంది. నంబరు చీటీ జతచేశాను. నీ పుస్తకంలో చూసుకో.

అక్క